గ్రంథము – సమాజ పరివర్తనము
(తెలుగు, ఉర్దూ ప్రచురణల చరిత్ర నుండి కొన్ని పాఠములు)

సాహిత్యము సమాజమునకు దర్పణమని పాఠశాల నాటి నుండి మనమందరము వ్యాసములలో వ్రాయుచునే ఉన్నాము. మాట మంచిదే. కాని దర్పణము ముఖము మీది మసిని చూపగలదే తప్ప తుడువలేదు. తుడుచుకొనవలసిన చేయి చూచువానిది. ఈ రెంటి నడుమ నున్న దూరమెంత, ఆ దూరమును పుస్తకము ఎట్లు తగ్గించును అనునదే ఈ వ్యాసములో మేము పరిశీలింపదలచిన విషయము.

ఈ ఆలోచన మాకు ఒక విద్యార్థిని ప్రశ్న వలన కలిగినది. తరగతిలో ‘కన్యాశుల్కము’ నాటకమును బోధించుచుండగా ఆమె లేచి, “ఈ నాటకం వచ్చాక ఆడపిల్లల్ని అమ్ముకోవడం ఆగిపోయిందా సార్?” అని అడిగినది. ‘ఆగిపోయినది’ అని వెంటనే చెప్పబోయి మేము సంకోచించితిమి. ఆమె అక్కకు కుదిరిన సంబంధము ‘జోడే కీ రఖమ్’ దగ్గర నిలిచిపోయిన సంగతి మేమెరుగుదుము. పిల్లను అమ్ముకొను ఆచారము పోయినది, నిజమే. వరుని కొనుక్కొను ఆచారము దాని స్థానమున వచ్చి కూర్చున్నది. షరీఅత్ ప్రకారము మెహర్ రూపమున వధువునకు ఇచ్చుకొనవలసిన వాడు వరుడు. మన ఇండ్లలో జరుగుచున్నది అందుకు విరుద్ధము. అట్టి ఇంటి నుండి వచ్చిన బాలికకు ‘పుస్తకము లోకమును మార్చును’ అని ఊరక చెప్పి కూర్చుండబెట్టుట న్యాయము కాదు. చరిత్రను చూపి చెప్పవలెను.

రెండు లిపులు – రెండు ముద్రణ పద్ధతులు

గ్రంథము తాటాకు మీదను, చేతివ్రాత ప్రతి గాను ఉన్నంతకాలము విద్య కొద్దిమంది సొత్తుగా ఉండెను. ముద్రణ యంత్రము ఆ కట్టును తెంచినది. అయితే మన రెండు భాషలలోను అది ఒకే విధముగా నడువలేదు. తెలుగు అక్షరములను సీసపు అచ్చులుగా పోతపోసి, ఒక్కొక్కటిగా కూర్చి ముద్రించినారు. గుణింతములు, ఒత్తులు కలుపుకొని వందల కొలది అచ్చులు గడులలో సిద్ధముగా ఉండవలెను. ఉర్దూ నస్తాలీఖ్ లిపి ఏటవాలుగా జారుచు, ఒక అక్షరము మరియొక దానిని అల్లుకొని పోవును. కనుక దానికి రాతి అచ్చు అనుకూలించినది. కాతిబు ప్రత్యేకమైన సిరాతో పుటనంతయు చేతితో వ్రాయగా, దానిని రాతి మీదికి దింపి ప్రతులు తీసెడివారు. కంప్యూటరు మీద నస్తాలీఖ్ కూర్పు 1981లో లాహోరు ‘జంగ్’ దినపత్రికతో ఆచరణలోనికి వచ్చువరకు ఉర్దూ పత్రికలకు కాతిబు కలమే ఆధారము.

రాతి అచ్చు పుణ్యమా యని పుస్తకము వెల తగ్గినది. 1858లో లక్నో నగరమున మున్షీ నవల్ కిశోర్ స్థాపించిన ముద్రణాలయము ఇందుకు గొప్ప నిదర్శనము. ఆ హిందూ సోదరుని ముద్రణాలయము నుండి పవిత్ర ఖురాను ప్రతులు, హిందూ ధర్మగ్రంథములు, వైద్యము, చరిత్ర, కావ్యములు సామాన్యునికి అందు వెలకు వెలువడినవి. ఒకే రాయి మీద రెండు మతముల గ్రంథములు అచ్చయినవి. మత సామరస్యమును గురించి ఎన్ని ఉపన్యాసములు చేసినను ఇంతకు మించి చెప్పగలమా?

తెలుగునాట కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1874లో ‘వివేకవర్ధని’ పత్రికను ఆరంభించినారు. తొలుత అది మద్రాసులో అచ్చయ్యెడిది. దూరాభారము, ఆలస్యము భరింపలేక వారు రాజమహేంద్రవరములోనే సొంత ముద్రణాలయమును నెలకొల్పుకొనిరి. దీని అంతరార్థము గమనింపదగినది. సంస్కర్తకు అభిప్రాయమొక్కటే చాలదు. దానిని తన ఊరిలో, తన ఇష్టము మేరకు, వేళ తప్పక అచ్చు వేసికొను శక్తి కూడ ఉండవలెను.

కథ చేసిన పని

ఉత్తర హిందూస్థానమున డిప్యూటీ నజీర్ అహ్మద్ తన కుమార్తెకు చదువదగిన పుస్తకము కానరాక, తానే ఒక కథను వ్రాసి ఇచ్చినారు. అదియే 1869లో వెలువడిన ‘మిరాతుల్ ఉరూస్’. పేరునకు అర్థము ‘వధువు అద్దము’. అందులో అక్బరీ, అస్గరీ అను అక్కచెల్లెండ్రు ఇద్దరు. అక్క గారాబమున పెరిగి ఇల్లు చెడగొట్టుకొనును. చెల్లెలు చదువు, వివేకము గలదై ఇంటిని చక్కదిద్ది, పరుల బిడ్డలకు కూడ చదువు చెప్పును. నాటి ప్రభుత్వము ఆ గ్రంథమునకు 1000 రూపాయల బహుమానమిచ్చి 2000 ప్రతులను కొన్నది. నజీర్ అహ్మద్ 1877లో సాలార్‌జంగ్ ఆహ్వానముపై మన హైదరాబాదుకు వచ్చి రాజ్య సేవలో కొన్ని సంవత్సరములు గడపినారు.

నేటి దృష్టితో చూచినచో అస్గరీ చదువు నాలుగు గోడలు దాటినది కాదు. అయినను ‘స్త్రీ చదివినచో ఇల్లు చెడును’ అను భయమును ఆ కథ తలక్రిందులు చేసినది. ఇల్లు చెడినది చదువు లేని అక్బరీ చేతిలోనే అని చూపినది. వాదించినచో కోపించెడి తండ్రి, కథగా చెప్పినచో విన్నాడు. ఇదియే కథకు గల బలము.

వీరేశలింగం గారి మార్గము కొంత భిన్నమైనది. ‘బ్రహ్మవివాహము’ వంటి ప్రహసనములతో దురాచారములను ఎగతాళి చేసినారు. ‘రాజశేఖర చరిత్రము’తో మూఢవిశ్వాసములను చూపినారు. రాజమహేంద్రవరమున వారు తొలి వితంతు వివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. పత్రిక పుట్టిన ఏడేండ్లకు గాని ఆ పెళ్ళి పందిరి లేవలేదు. ఏడేండ్ల పాటు అక్షరము నేలను దున్నిన తరువాతనే ఆచరణ అను విత్తనము మొలకెత్తినది. ఫలితము వెంటనే కనిపింపలేదని నిరాశపడు యువకులు ఈ ఏడు సంవత్సరములను గుర్తుంచుకొనవలెను.

ఇక గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కము’. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా మారిన రూపముతో మరల వెలువడినది. మొదటి ముద్రణ పీఠికలో గురజాడ కొన్ని అంకెలను ఇచ్చినారు. విజయనగరం మహారాజా వారు విశాఖపట్నం మండలమున బ్రాహ్మణ కుటుంబములలో జరిగిన శుల్క వివాహముల పట్టికను తయారు చేయించగా, మూడేండ్లలో నమోదైనవి 1034. వారిలో ఐదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్ల వారు 44, మూడేండ్ల వారు 36, రెండేండ్ల వారు 6, ఏడాది పసికూనలు 3. వెరసి ఐదేండ్లు మించని వారు 188 మంది. ఈ అంకెలు పట్టికలోనే ఉండిపోయినచో ఏ కచేరీ బీరువాలోనో చెదలు పట్టెడివి. గురజాడ వానికి బుచ్చమ్మ ముఖమును, సుబ్బి వయసును ఇచ్చినారు. జనులు ఇండ్లలో మాట్లాడుకొను భాషనే పాత్రల నోట పలికించినారు. అందుచేత చదువురాని వాడు కూడ చూచి నవ్వినాడు. నవ్వుచు నవ్వుచు, తాను నవ్వుచున్నది తన ఇంటిని చూచియే అని తెలిసికొన్నాడు.

మరి ఆ విద్యార్థిని ప్రశ్నకు సమాధానమేమి? ఒక్క నాటకము వలన ఒక ఆచారము ఆగిపోదు. బాల్యవివాహ నిరోధక చట్టము 1929లో గాని రాలేదు. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది, అయినను వరకట్నము పోలేదు. గ్రంథము చేసినదేమనగా, అంతవరకు ‘మర్యాద’గా చలామణి అయిన పనిని ‘సిగ్గుచేటు’గా మార్చినది. సిగ్గు పుట్టిన తరువాతనే చట్టమునకు చోటు ఏర్పడును. చట్టము వచ్చియు సిగ్గు పుట్టని చోట కాగితము కాగితముగానే ఉండును. జోడే కీ రఖమ్ విషయమున నేడు మన స్థితి ఇదియే. పది మంది నడుమ ఆ మొత్తమును గొప్పగా చెప్పుకొను వారున్నంతకాలము మనకు మరియొక ‘కన్యాశుల్కము’ అవసరము తీరలేదని అర్థము.

పాఠకురాలు రచయిత్రి అయిన వేళ

పురుషుడు స్త్రీని గురించి వ్రాయుట మొదటి మెట్టు. స్త్రీ తనను గురించి తాను వ్రాయుట రెండవది. 1898లో లాహోరు నుండి ముహమ్మదీ బేగం సంపాదకత్వమున, ఆమె భర్త సయ్యద్ ముంతాజ్ అలీ సహకారముతో ‘తహ్జీబె నిస్వాన్’ వారపత్రిక వెలువడినది. పరదా చాటున నున్న స్త్రీలు తమ కష్టసుఖములను వ్రాసి పంపుటకు అది వాకిలి తెరచినది. తెలుగున భండారు అచ్చమాంబ 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ తొలి భాగమును ప్రకటించి, స్త్రీలు తెలివి తక్కువ వారను వాదమును చారిత్రక దృష్టాంతములతో ఖండించినది. మన హైదరాబాదులో సుఘ్రా హుమాయూన్ మీర్జా ‘అన్నిసా’ పత్రికను నడిపి, నవలలు వ్రాసి, బాలికలకు సఫ్దరియా పాఠశాలను స్థాపించినది. ఆ పాఠశాలకు పునాది ఇటుకతో కాదు, అక్షరముతో పడినదనుట అతిశయోక్తి కాదు.

ప్రచురణకర్త – మరచిపోయిన మనిషి

సాహిత్య చరిత్రలలో కవుల పేర్లు ఉండును. పుస్తకమును అచ్చు వేసి, మోసికొని పోయి, పాఠకుని చేతిలో పెట్టిన వాని పేరు అరుదుగా కనిపించును. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో ఇక్కడనే కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించినారు. వారు తొలి పుస్తకముగా ఎన్నుకొన్నది పురాణమును కాదు, ప్రబంధమును కాదు. నల్లజాతి బానిసలకు విముక్తి కలిగించిన అబ్రహాం లింకన్ చరిత్రము. గాడిచర్ల హరిసర్వోత్తమరావు దానిని రచించినారు. తరువాత చరిత్ర, ప్రకృతి శాస్త్రములు, అర్థశాస్త్రము తెలుగున వెలువడినవి. ఏ పుస్తకము వేయవలెనని నిర్ణయించుటలోనే ఎట్టి సమాజము కావలెనను ఆశయము ఇమిడి ఉన్నది.

అదే నగరమున 1917లో దారుత్తర్జుమా, అనగా అనువాద సంస్థ, మౌల్వీ అబ్దుల్ హక్ నాయకత్వమున ఆరంభమైనది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమమున స్థాపింపబడినది. గణితము, వైద్యము, న్యాయశాస్త్రము దేశభాషలో చెప్పవచ్చునని నిరూపించిన ఘనత దానిది. కాని ఒక సత్యమును దాచరాదు. ఆ రాజ్యమున అధిక సంఖ్యాకుల మాతృభాషయైన తెలుగునకు ఆ ఆదరణ లభింపలేదు. నైజాం రాష్ట్రమున తెలుగు కవులే లేరన్న ఆక్షేపణకు సమాధానముగా సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటింపవలసి వచ్చినది. ఒక భాషకు వెలుగునిచ్చిన దీపము క్రిందనే మరియొక భాషకు నీడ ఏర్పడినది. రెండు భాషలను ప్రేమించు మన కళాశాల వారు ఈ రెండు సంగతులను కలిపియే చదువుకొనవలెను.

ఆ నీడలో నుండి వచ్చిన వాడు వట్టికోట ఆళ్వారుస్వామి. నల్లగొండ జిల్లాకు చెందిన నిరుపేద. హోటలులో సర్వరుగా పనిచేసి, దొరికిన పుస్తకమునెల్ల చదివి, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను ఆరంభించినాడు. ముప్పదికి పైగా పుస్తకములను వెలువరించి, తానే మోసికొని ఊరూరు తిరిగి అమ్మినాడు. జైలుకు వెళ్ళినాడు. తరువాత ‘ప్రజల మనిషి’ నవలను వ్రాసినాడు. కళాశాల మెట్లెక్కని వాడు ఇంత చేయగా, పట్టములు పుచ్చుకొన్న మనము చేసినదేమి అని మమ్ము మేమే ప్రశ్నించుకొందుము.

నిషేధము చెప్పు సాక్ష్యము

పుస్తకమునకు శక్తి లేదనువారు నిషేధ ఉత్తర్వులను చూడవలెను. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు రాయవేలూరు చెరసాలలో వ్రాసిన ‘మాలపల్లి’ నవల అచ్చయిన కొలది కాలమునకే మద్రాసు ప్రభుత్వపు నిషేధమునకు గురియైనది. 1928లో ఆంక్ష తొలగినది. 1936లో మరల విధింపబడి, 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన తరువాత పోయినది. హరిజన కుటుంబము కథానాయక స్థానమున నిలుచుటయే ప్రభువులకు కంటగింపైనది.

ఉర్దూలో 1932 చివర లక్నో నుండి వెలువడిన ‘అంగారే’ కథల సంపుటిని 1933 మార్చిలో సంయుక్త రాష్ట్ర ప్రభుత్వము నిషేధించినది. అందలి కొన్ని వాక్యములు భక్తుల మనస్సును నొప్పించిన మాట నిజము. దానిని సమర్థింప మేము పూనుకొనము. కాని ఆ నలుగురు రచయితలలో డాక్టరు రషీద్ జహాన్ వైద్యురాలు. తెర వెనుక వరుస కాన్పులతో క్షీణించు స్త్రీ దేహమును గురించి ఆమె వ్రాసినది తాను వృత్తిలో కన్న దృశ్యమునే. పుస్తకము ప్రతులు నాశనమైనవి గాని ఆ ప్రశ్న నాశనము కాలేదు. 1936లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అభ్యుదయ రచయితల తొలి మహాసభ జరిగినది. 1943లో తెనాలిలో మన అభ్యుదయ రచయితల సంఘము ఆవిర్భవించినది.

పాఠకుని వాకిటికి పుస్తకము

వ్రాసిన వాడు, అచ్చు వేసిన వాడు ఉన్నను చదువువాడు లేనిచో చక్రము తిరుగదు. ఆ మూడవ ఆకును బిగించినది గ్రంథాలయోద్యమము. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారి కృషితో పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ కాలువపై పడవ గ్రంథాలయము నడచినది. పుస్తకముల కొరకు జనులు రానిచోట పుస్తకములే నీటి మీద జనుల కడకు వెళ్ళినవి. ప్రయాణికులు పడవలో కూర్చుండి చదివినారు. దూరము, బీదరికము, తీరిక లేకపోవుట అను సాకులు మనము చెప్పబోవునప్పుడెల్ల ఆ పడవ మన కన్నుల ముందు కదలవలెను.

మన కర్తవ్యము

ఇంతవరకు చెప్పినది పూర్వకథ. మన కథ ఏమి? తెలుగు మాతృభూమిలో పుట్టి, ఇంట ఉర్దూ మాట్లాడి, బడిలో తెలుగు చదువు ముస్లిం యువకుడు చాలకాలము తెలుగు సాహిత్యమున కనిపింపలేదు. పిఠాపురమున ఉమర్ ఆలీషా వంటి మహనీయులు లేకపోలేదు. కాని సామాన్య ముస్లిం ఇంటి వంటగది, ఆ ఇంటి లేమి, ఆ ఇంటి భయము తెలుగున విస్తారముగా పలికినది ఇటీవలనే. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’, 1998లో ‘జల్‌జలా’ కవితా సంకలనము, 2004లో ‘వతన్’ కథా సంకలనము ఆ మౌనమును భంగపరచినవి. పొరుగువానికి మన ఇంటి తలుపు తెరచినది ఆ పుస్తకములే. అనుమానము తెలియనితనము నుండి పుట్టును. తెలియనితనమునకు మందు పరిచయము. పరిచయమునకు పుస్తకమును మించిన దూత లేడు.

వెనుకటి విద్యార్థిని కథను ముగించి విరమింతుము. ఆమె నానీకి ఉర్దూ నవలలు ప్రాణము; తెలుగు లిపి రాదు. మనుమరాలికి తెలుగు వచ్చును. ఉర్దూ లిపి రాదు. ఒకే ఇంట, ఒకే దీపము క్రింద ఇద్దరు పాఠకులు. ఒకరి పుస్తకము మరియొకరికి మూసిన పెట్టె. “నానీ చదివి వినిపించగా నీవు తెలుగున వ్రాయుము” అని మేము చెప్పితిమి. వారము దినములకు ఆమె నాలుగు పుటలు వ్రాసి తెచ్చినది. అక్బరీ అత్తవారింట చేసిన ఆగడము చదివి తరగతి అంతయు నవ్వినది. వచనము కుదురుగా లేదు, తప్పులున్నవి. కాని 1869లో ఒక తండ్రి కూతురి కొరకు వ్రాసిన కథ నానీ కంఠమున దాటి తెలుగు అక్షరములలో దిగినది. చివరి పుట అడుగున ఆమె తన మాటగా ఒక వాక్యము చేర్చినది: “అస్గరీ అక్క పెళ్ళికి జోడే కీ రఖమ్ అడిగి ఉంటే నజీర్ అహ్మద్ సాబ్ ఏమి వ్రాసేవారో?”

ఆ ప్రశ్నకు జవాబు ఏ పాత పుస్తకమునను లేదు. దానిని వ్రాయవలసిన వారు ఈ సంచికను చేతబట్టుకొన్న మీరే. దారుత్తర్జుమా వంటి సంస్థ మన చేతిలో లేకపోవచ్చును. ప్రతి ఇంట ఒక నానీ, ఒక మనుమరాలు, ఒక కలము ఉన్నవి. మిత్రులారా! ఈ సెలవులలో ఒక ఉర్దూ పుటను తెలుగునకు, ఒక తెలుగు పుటను ఉర్దూకు తెండు. వచ్చు సంవత్సరపు సంచికలో వానికి చోటు కల్పించు భారము మాది.